కొండ రైలును బల్ల మీద కట్టుకుందాం

పిల్లలూ, మన చోడవరంలో చెరకు తోటలున్నాయి, గోవాడ పంచదార ఫ్యాక్టరీ ఉంది, స్వయంభూ విఘ్నేశ్వరుడి కోవెల ఉంది. రైలు మాత్రం లేదు. రైలెక్కాలంటే అనకాపల్లి వెళ్ళాలి. సొరంగాల్లో దూరి బయటపడే అరకు రైలు ఎక్కాలంటే విశాఖపట్నమో కొత్తవలసో చేరాలి. రైలు మన దగ్గరికి రాకపోతేనేం, మనమే కట్టుకుందాం. ఒక బల్ల, పాత పేపర్లు, గుప్పెడు ఎర్రమన్ను, కాస్త జిగురు, ఒక ఫోను ఉంటే ఆ కొండ, ఆ సొరంగం, ఆ వంతెన మన వసారాలోకి వచ్చేస్తాయి. దాన్ని ఫొటో తీసి చూపిస్తే, చూసినవాళ్ళు "ఇది ఏ స్టేషను దగ్గర తీశావురా?" అని అడగాలి. ఇవాళ్టి కబురు అదే.

దీన్ని బొమ్మలాట అని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పెద్దదాన్ని చిన్నది చేయబోతే ప్రకృతి కొన్నింటికి సరేనంటుంది, కొన్నింటికి ససేమిరా అంటుంది. పొడవు తగ్గుతుంది, ఏటవాలు తగ్గదు. ఇల్లు తగ్గుతుంది, నీటిబొట్టు తగ్గదు. కొండ తగ్గుతుంది, ఆ కొండ మీంచి రాయి పడే వేగం మన లెక్కకు లొంగదు. ఏది తగ్గుతుందో ఏది మొండికేస్తుందో చేతులతో తెలుసుకోవడమే ఇందులో ఉన్న చదువు.

ఏ రైలు కడదాం?

మనకు దగ్గర్లో ఉన్న అసలైన కొండ రైలు కొత్తవలస–కిరండూల్ లైను. అందరూ కె.కె. లైను అంటారు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపానుకు పంపడం కోసం 1960ల్లో దీన్ని వేశారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. దారిలో 58 సొరంగాలు, ఎనభైకి పైగా పెద్ద వంతెనలు. అరకు దాటకముందే వచ్చే శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజీ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం దానికి పేరు. 2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక, ఈ లైను చూడ్డానికే జనం బయల్దేరుతున్నారు.

ఇలాంటి లైన్లను ఇంట్లో కట్టుకునే ముచ్చట ప్రపంచంలో పాతదే. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, ఒకే కొలతకు అతికే పట్టాలతో బొమ్మ రైలును చూపించింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు జర్మనీలోనే హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్‌లో కొండలు, ఊళ్ళు, విమానాశ్రయం దాకా బుల్లి లోకమే ఉంది. అంతదూరం పోలేనివాళ్ళకు పుణెలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. 1998 నుంచి నడుస్తోంది. పుణె వెళ్ళే పని పడితే తప్పక చూడండి.

ఎనభై ఏడో వంతు

కట్టేముందు నిర్ణయించుకోవాల్సింది స్కేలు. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలులో ఎనభై ఏడో వంతు, 1:87. దీన్ని ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించుకోండి. ఆ తర్వాత ఏ వస్తువు చేసినా ముందు 87తో భాగించాలి.

లెక్క చూద్దాం. మన నీలి రంగు ఐసీఎఫ్ పెట్టె పొడవు 21 మీటర్ల పైచిలుకు. బల్ల మీద అది ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. పది పెట్టెలు తగిలిస్తే రెండున్నర మీటర్ల రైలు. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పదిహేను మీటర్ల తాటిచెట్టు పదిహేడు సెంటీమీటర్లు. మూడు మీటర్లు ఎదిగిన చెరకు మూడున్నర సెంటీమీటర్లు. ఇంతవరకూ హాయిగా ఉంది కదా?

ఇప్పుడు మొత్తం లైను కడదామంటే? 445 కిలోమీటర్లను 87తో భాగిస్తే అయిదు కిలోమీటర్ల పట్టా కావాలి. శిమిలిగూడ ఎత్తు పదకొండున్నర మీటర్లు, అంటే మూడంతస్తుల మేడ. ఎవరి వసారాలోనూ పట్టదు. కాబట్టి ఏరుకోవాలి. ఒక సొరంగం, ఒక వంతెన, ఒక చిన్న స్టేషను. చూసినవాడికి అరకు లోయ గుర్తొచ్చే నాలుగు విషయాలు ఉంచి మిగతావి వదిలేయాలి. ఏం వదలాలో తెలిసినవాడే మంచి లేఅవుట్ కడతాడు.

పట్టాల వెడల్పులో ఒక చిక్కుంది. మన బ్రాడ్‌గేజీ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే. ఎందుకంటే అది యూరప్, అమెరికాల్లోని 1435 మిల్లీమీటర్ల పట్టాకు కొలిచి చేసింది. మన ఇంజన్ను దాని మీద పెడితే కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నట్టుంటుంది. పట్టుదల ఉన్నవాళ్ళు సొంతంగా స్లీపర్లు పేర్చి పట్టా వేసుకుంటారు. మిగతావాళ్ళు ఫొటో ఎదురుగా తీయకుండా పక్కనుంచి తీస్తారు. పక్కనుంచి చూస్తే ఆ తేడా కనపడదు.

ఇంకో చిక్కు మలుపు. కె.కె. లైనులో గట్టి మలుపు ఎనిమిది డిగ్రీలది. అంటే దాని వ్యాసార్థం దాదాపు 219 మీటర్లు. బల్ల మీద అది రెండున్నర మీటర్లు. రైలు వెనక్కి తిరగాలంటే అయిదు మీటర్ల వెడల్పు గది కావాలి! బొమ్మ రైలు పెట్టెల్లో వచ్చే వంపు పట్టాల వ్యాసార్థం సుమారు 45 సెంటీమీటర్లు. అసలు లోకంలో అది నలభై మీటర్ల మలుపు. ఏ బ్రాడ్‌గేజీ రైలూ అలా తిరగదు. మరి ఏం చేస్తారు? ఆ గట్టి మలుపును కొండ కడుపులో దాచేస్తారు. రైలు ఒక సొరంగంలో దూరి, ఎవరికీ కనపడకుండా గిర్రున తిరిగి, ఇంకో సొరంగంలోంచి బయటికొస్తుంది. 58 సొరంగాల లైనును ఎంచుకోవడంలో ఉన్న లాభం ఇదే.

ఏటవాలు ఎందుకు తగ్గదు?

మా మనవరాలు ఒక మంచి ప్రశ్న వేసింది. "తాతా, కొండ ఎనభై ఏడో వంతు అయితే ఏటవాలు కూడా ఎనభై ఏడో వంతు అయిపోద్దేటి?" అవదమ్మా. కె.కె. లైను ఘాట్‌లో ఏటవాలు అరవైకి ఒకటి. అంటే అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. బల్ల మీద అరవై సెంటీమీటర్లు పోతే ఒక సెంటీమీటరు పైకి. రెండు పొడవులూ ఒకే వంతున తగ్గాయి కాబట్టి వాటి నిష్పత్తి మారలేదు. కోణాలకు స్కేలుతో పని లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, ఫొటోల దగ్గర మళ్ళీ అక్కరకొస్తుంది.

ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా దాటించాలంటే బల్ల మీద ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అరవైకి ఒకటి చొప్పున ఎక్కితే అందుకు నాలుగున్నర మీటర్ల దారి పడుతుంది. చోటు లేనివాళ్ళు ముప్పైమూడుకి ఒకటి దాకా పోతారు. అంతకు మించితే చక్రాలు జారతాయి.

జారడం అన్నాను కాబట్టి బరువు సంగతి చెప్పాలి. అనకాపల్లి బజార్లో బెల్లం దిమ్మ చూశారుగా. దాన్ని పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా రెట్టింపు చేస్తే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. ఇంజను లెక్కా అంతే, ఇక్కడ తగ్గించడం. మూడు వైపులా 87తో భాగించామంటే బరువును 87తో మూడుసార్లు భాగించాలి. అంటే ఆరు లక్షల యాభై ఎనిమిది వేల పైచిలుకు. పాత డబ్ల్యుడిఎమ్‌-2 డీజిలు ఇంజను బరువు సుమారు 113 టన్నులు. భాగించి చూస్తే 171 గ్రాములు! అంత తేలికైతే చక్రం పట్టాను గట్టిగా అదమదు, పది పెట్టెలు లాగలేదు. అందుకే నమూనా ఇంజన్ల లోపల బరువైన లోహపు ముక్క దాచిపెడతారు.

వంతెనకైతే ఇదే లెక్క మేలు చేస్తుంది. స్తంభం బలం దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అంటే రెండుసార్లు భాగిస్తాం. అది మోయాల్సిన బరువు మూడుసార్లు భాగించుకుపోయింది. కాబట్టి చిన్నదయ్యేకొద్దీ వంతెన తన పనికి మించిన బలంతో ఉంటుంది. కొబ్బరి ఈనెలతో కట్టినా నిలబడుతుంది. అదే వంతెనను అదే ఆకారంలో, అదే సరుకుతో 87 రెట్లు పెద్దది చేస్తే తన బరువుకు తనే కుంగిపోవచ్చు. ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. పెద్ద జంతువుల ఎముకలు పొడవుకు మించి లావుగా ఎందుకు ఉంటాయో కూడా అక్కడే చెప్పాడు. మీ బల్ల మీది వంతెన నిలబడిందని అసలు వంతెనకూ ఆ లావు చాలనుకోకండి. ఇంజనీర్లు పట్టి పట్టి లెక్క వేసేది అందుకే.

కొండా, కంకరా, తాటిచెట్టూ

ఇప్పుడు చేతులు మురికి చేసుకుందాం. థర్మోకోలు ముక్కలు మెట్లుమెట్లుగా పేర్చండి. దాని మీద దోమల మెష్ పరిచి, చింపిన పేపరు ముక్కల్ని మైదా గుజ్జులో ముంచి రెండు మూడు పొరలు అంటించండి. మైదాకు పురుగు పడుతుంది, బొద్దింక వస్తుంది. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్ళు అందులో చిటికెడు మైలతుత్తం కలుపుతారు. అది విషం, ఆ పని పెద్దవాళ్ళే చేయాలి. ఎండాక పైన పల్చగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూత. అది గట్టిపడేటప్పుడు నీళ్ళతో కలిసి వేడి పుట్టిస్తుంది. కాబట్టి ముద్దలో చెయ్యి ఉంచేయకండి.

రంగు కోసం డబ్బాలు కొనక్కర్లేదు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. అందులో ఇనుము ఉంటుంది. వానకూ ఎండకూ అది శిథిలమై, ఇనుము ఆక్సిజన్‌తో కలిసి మట్టికి ఎరుపిస్తుంది. ఆ మట్టినే తెచ్చి, ఎండబెట్టి, నూరి, పల్చటి గుడ్డలో జల్లించి కొండ మీద చల్లండి. రంగు డబ్బాలో దొరకని ఎరుపు అది.

పట్టాల కింద కంకర మీద శ్రద్ధ పెట్టాలి. రైల్వేవాళ్ళు వాడే కంకర రాయి రెండు నుంచి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. 87తో భాగిస్తే పెద్ద రాయి కూడా మిల్లీమీటరులో ముప్పాతిక వంతు. ఏటి ఇసుకను టీ జల్లెడలో జల్లిస్తే కింద పడినదాంట్లో సన్నటి భాగం సరిపోతుంది. జల్లెడ పైన మిగిలిన రెండు మిల్లీమీటర్ల ఇసుక గింజ ఈ లోకంలో పదిహేడు సెంటీమీటర్ల బండరాయి! అలాంటివి పట్టాల మధ్య ఒక్కటి కనపడినా ఫొటో అబద్ధం చెబుతోందని కన్ను పట్టేస్తుంది. రవ్వ వాడదామని మీకు అనిపించవచ్చు, పరిమాణం దగ్గర్లోనే ఉంటుంది. వద్దు, తెల్లారేసరికి చీమలు మోసుకుపోతాయి.

ఇసుక పరిచాక జిగురు పోయాలి. ఫెవికాల్‌లో అంతే నీళ్ళు కలిపి చుక్కలుగా వేస్తే ఏమవుతుందో దగ్గరగా చూడండి. చుక్క గుండ్రంగా ఇసుక మీద దొర్లుతుంది, గింజల్ని తనతో లాక్కుపోతుంది, లోపలికి మాత్రం దిగదు. నీటి పైపొర లాగి బిగించిన తెరలా ఉంటుంది కాబట్టి అది. దాన్నే తలతన్యత అంటారు. ఇప్పుడు ఆ జిగురు నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలపండి. అదే చుక్క ఇసుకను తాకగానే గుండ్రం పోయి, చప్పున లోపలికి ఇంకుతుంది. సబ్బు అణువులు నీటి ఉపరితలంలో చేరి ఆ బిగువును సడలించాయి. గింజ కూడా కదలకుండా కంకర అంతా గట్టిపడుతుంది.

ఈ తలతన్యత వల్లే లేఅవుట్‌లో అసలు నీళ్ళు పోయకూడదు. బొర్రా దగ్గరి కటికి జలపాతాన్ని కడదామని గొట్టంతో నీళ్ళు వదిలారనుకోండి. చుక్క నాలుగైదు మిల్లీమీటర్లకు తక్కువగా తెగి పడదు. ఈ లోకంలో అది అడుగు పైచిలుకు బొట్టు. అలాంటి జలపాతం ఎక్కడైనా ఉందా? అందుకని వాగు అడుగున ముదురు ఆకుపచ్చ, మట్టి రంగులు వేసి, పైన వార్నిష్ పొర మీద పొర వేస్తారు. జలపాతానికి దూదిని సన్నగా పీకి పారదర్శకమైన జిగురుతో నిలువుగా లాగుతారు. నీటిని చూపించడానికి నీరు పనికిరాదన్నమాట.

చెట్లకు మన పెరడే అంగడి. తాటిచెట్టు కాండం అసలులో నలభై సెంటీమీటర్ల లావుంటే ఇక్కడ నాలుగున్నర మిల్లీమీటర్లు. నాలుగైదు కొబ్బరి ఈనెలు కలిపి పైనుంచి కిందికి దారం చుట్టండి. జిగురు రాసి బూడిద రంగు వేస్తే ఆ దారం చుట్లే కాండం మీది గాట్లవుతాయి. ఆకులకు పచ్చ కాగితాన్ని విసనకర్ర ఆకారంలో సెంటీమీటరున్నర వెడల్పుకు కత్తిరించి అంచు చీల్చండి. చెరకు తోటకు ఏజెన్సీ నుంచి గిరిజనులు తెచ్చి అమ్మే కొండచీపురు కుచ్చు చక్కగా పనికొస్తుంది. మూడున్నర సెంటీమీటర్లకు కత్తిరించి వరసగా నాటితే పూత పట్టిన చెరకే.

ఇక గుండ్రటి వస్తువులు. నీళ్ళ ట్యాంకు, తారు డ్రమ్ములు, సిగ్నల్ స్తంభాలు, పాలబిందెలు. వీటికి మన జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను తరిణె మీద తిప్పి బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది. ఆ పని దగ్గర నిలబడి చూడండి. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తారు. నిప్పు లేదు, పొయ్యి లేదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. బొమ్మకు ఆ నిగారింపు అందం. మన లేఅవుట్‌కు మాత్రం సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది తగ్గించాలి. ఎందుకంటే మీటరు దూరం నుంచి నమూనాను చూడటం అంటే అసలు వస్తువును 87 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంతదూరాన ఏ ట్యాంకూ అలా మెరవదు, ఏ రంగూ అంత ముదురుగా ఉండదు.

బుల్లి లోకాన్ని ఫొటో తీయడం

కెమెరా ముందు బుల్లి నగరాన్ని నిలబెట్టి లోకాన్ని నమ్మించిన విద్య మన తెలుగు సినిమాలో ఎప్పుడో ఉంది. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ద్వారకా నగరం గుర్తుందా? యాభై అడుగులకు అరవై అడుగుల చోటులో సుమారు మూడు వందల బుల్లి ఇళ్ళు కట్టి, వాటిలో విద్యుద్దీపాలు పెట్టి తీశారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. ఆ ద్వారక బొమ్మ అని చెబితే తప్ప తట్టదు. ఎందుకు తట్టదో తెలుసుకుంటే మన రైలు ఫొటో కూడా కుదురుతుంది.

మొదటిది, కెమెరా ఎత్తు. మనం నిలబడి కిందికి చూస్తూ ఫొటో తీస్తే అది ఆకాశంలోంచి చూసిన లేఅవుట్. అసలు స్టేషనులో మనిషి కన్ను నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉంటుంది. ఇక్కడ అది రెండు సెంటీమీటర్లలోపు. పెద్ద కెమెరా అంత కిందికి దిగదు. ఫోను దిగుతుంది. ఫోనును తలకిందులు చేసి పట్టాల పక్కన ఆనించండి, కటకం అడుగుకొచ్చి ప్లాట్‌ఫారం మీది మనిషి కన్నంత ఎత్తులో నిలుస్తుంది. ఒక్క ఈ మార్పుతోనే సగం మాయ జరిగిపోతుంది.

రెండోది, మసక. దగ్గరి వస్తువును తీసినప్పుడు దాని ముందూ వెనకా మసకబారుతుంది. దూరపు దృశ్యాల్లో అలా జరగదు. కాబట్టి మసక కనపడితే చాలు, మెదడు "ఇది చిన్నది" అని తీర్పు చెప్పేస్తుంది. అసలు ఊరి ఫొటోలో పైనా కిందా మసక చేసినా అది బొమ్మ ఊరిలా కనపడేది ఇందుకే. మసక తగ్గాలంటే కెమెరా రంధ్రాన్ని చిన్నది చేయాలి. ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 22కు తగ్గిస్తే లోపలికొచ్చే వెలుతురు అరవయ్యో వంతు అవుతుంది. సెకనులో అరవయ్యో వంతు సరిపోయేచోట ఇప్పుడు పూర్తి సెకను పడుతుంది. అందుకే స్టాండు కావాలి. మరీ చిన్నది చేస్తే కాంతి ఆ రంధ్రపు అంచుల దగ్గర వంగి మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. దీనికి ఇప్పటివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. కెమెరా కదపకుండా ఒకసారి ఇంజను మీద, ఒకసారి వంతెన మీద, ఒకసారి కొండ మీద ఫోకస్ పెట్టి తీస్తారు. తర్వాత కంప్యూటరులో స్పష్టమైన భాగాలన్నీ కలుపుతారు. ఫోనుకు కటకమూ సెన్సరూ రెండూ చిన్నవే కాబట్టి దానికి ఈ బాధ మొదటినుంచీ తక్కువే.

మూడోది, సూర్యుడు. మనకు సూర్యుడు ఒక్కడే. బల్ల చుట్టూ నాలుగు దీపాలు పెడితే ఇంజనుకు నాలుగు నీడలు పడతాయి, గుట్టు రట్టవుతుంది. ఒకే దీపం, వీలైనంత దూరంలో పెట్టండి. ఎంత దూరం? ఏటవాలు దగ్గర చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది, కోణాలకు స్కేలు లేదు. ఆకాశంలో సూర్యబింబం అర డిగ్రీ కోణంలో కనపడుతుంది. మూడు సెంటీమీటర్ల ముఖమున్న టార్చిలైటు మూడుమీటర్ల పైచిలుకు దూరంలో సరిగ్గా అంతే కనపడుతుంది. అక్కణ్ణుంచి వెలుతురు వేస్తే నీడ అంచులు ఎండలో ఉన్నట్టే పడతాయి. దీపం ఇంకా దగ్గరికి తెస్తే పక్కపక్క స్తంభాల నీడలు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఎండలో స్తంభాల నీడలు ఎప్పుడూ సమాంతరంగానే ఉంటాయి కదా.

నాలుగోది, గాలి. అరకు కొండలు దూరంనుంచి నీలంగా ఎందుకుంటాయి? మధ్యలో ఉన్న గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ఆ చెదిరిన నీలం మన కంటికీ కొండకూ మధ్య పరుచుకుంటుంది. బల్ల మీద అంత గాలి లేదు. కాబట్టి మనమే వేయాలి. ముందు కొండకు ముదురు పచ్చ, వెనక కొండకు కాస్త నీలం కలిపిన పచ్చ, గోడ మీద వేసే చివరి కొండల వరసకు తేలిక నీలం. ఆ గోడకూ లేఅవుట్‌కూ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. లేకపోతే చెట్టు నీడ ఆకాశం మీద పడుతుంది.

ఈ విద్యలో గురువు అనదగ్గవాడు అమెరికాలో మాంటెరే పట్నానికి చెందిన జాన్ అలెన్. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. తన ఇంట్లో ఏళ్ళ తరబడి ఒక హెచ్‌ఓ కొండ రైలుమార్గం కట్టాడు. కొత్తగా మెరిసే పెట్టెలకు తుప్పు, మసి, దుమ్ము పూసి అవి ఏళ్ళుగా పనిచేసినట్టు చూపించడం, అద్దాలు పెట్టి దారి ఇంకా పోతున్నట్టు భ్రమ కలిగించడం ఆయన బాగా ప్రచారంలోకి తెచ్చాడు. 1973 జనవరిలో ఆయన పోయాడు. పదిరోజులకే అగ్నిప్రమాదంలో ఆ రైలుమార్గం చాలావరకు కాలిపోయింది. ఇవాళ ప్రపంచానికి అది తెలుసంటే ఆయన తీసిన ఫొటోల వల్లే. కట్టింది తప్పక ఫొటో తీసి దాచమని నేను చెప్పేది అందుకే.

కాలం మాట వినదు

వీడియో తీయాలనుకునేవాళ్ళకు ఇంకొక్క సంగతి. గంటకు అరవై కిలోమీటర్ల రైలు మన బల్ల మీద సెకనుకు పందొమ్మిది సెంటీమీటర్లు పోవాలి. పిల్లలు ఉత్సాహంలో పట్టా మీద రైలును బుర్రున తోలతారు. అసలు లెక్కలో అది విమానం వేగం. నిదానంగా నడపండి.

కొండ మీంచి రాయి దొర్లిపడే దృశ్యమైతే లెక్క వేరు. అసలులో ఇరవై మీటర్ల ఎత్తునుంచి రాయి పడ్డానికి రెండు సెకన్లు పడుతుంది. బల్ల మీది ఇరవై మూడు సెంటీమీటర్ల నుంచి పడ్డానికి సెకనులో అయిదో వంతే. భూమి ఆకర్షణ మన కోసం తగ్గదు కాబట్టి కాలం 87 వంతులు కాకుండా 87కు వర్గమూలం, అంటే తొమ్మిది పైచిలుకు వంతులే తగ్గింది. రాయి టక్కున పడిపోతే చూసేవాడికి బొమ్మ అని తెలిసిపోతుంది. మందు ఏమిటి? మీ ఫోనులో స్లోమోషన్ ఉంటుంది. సెకనుకు 240 బొమ్మలు తీసి ముప్పై చొప్పున చూపిస్తే కాలం ఎనిమిది రెట్లు సాగుతుంది. మనకు కావలసిన తొమ్మిదికి చాలా దగ్గర. బుల్లి నమూనాలతో తీసే సినిమాల్లో వరదలు, కూలే కట్టడాలు ఈ లెక్కతోనే తీస్తారు.

ఇక మీరు మొదలుపెట్టాలి. ఖరీదైన ఇంజను కొనక్కర్లేదు, బ్యాటరీ బొమ్మరైలు చాలు. కరెంటు రైలు కొంటే దాంతో వచ్చిన 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే వాడండి, ఇంటి ప్లగ్గులోంచి తీగలు నేరుగా పట్టాలకు ఎప్పుడూ కలపొద్దు. పెద్ద బల్లతో దిగొద్దు. రెండడుగుల పలక మీద ఒక సొరంగం ముఖం, ఒక తాటిచెట్టు, జానెడు పట్టా వేయండి. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టే ఇళ్ళలో ఒక మెట్టు దీనికి ఇవ్వండి. మాస్టారులకూ టీచరమ్మలకూ నా విన్నపం ఒకటే. సైన్స్ ఫెయిర్‌లో పిల్లలు అగ్నిపర్వతాలు చేస్తున్నారు, సంతోషం. ఈ ఏడాది ఒక్క జట్టు చేత కె.కె. లైనులో ఒక వంతెన 1:87లో కట్టించండి. నిష్పత్తి, ఘనం, వర్గమూలం, కాంతి, తలతన్యత, భూమ్యాకర్షణ అన్నీ ఒకే బల్ల మీద చేతికి తగులుతాయి. పూర్తయ్యాక కన్నెత్తులో ఒక ఫొటో తీసి, దాని కింద స్కేలు తప్పకుండా రాయించండి.